భాష వచ్చినంత మాత్రాన చాలునా?

విజయనగరంలో ఎం.వి.జి.ఆర్. కళాశాల, రాజాంలో జి.ఎం.ఆర్. సాంకేతిక సంస్థ 1997లో వెలిశాయి. 2007లో విజయనగరంలో ఆరంభమైన జె.ఎన్.టి.యు. కళాశాల 2022లో గురజాడ పేరిట విశ్వవిద్యాలయమైనది. ఉత్తరాంధ్రలో ఇంజనీరింగు విద్య ఇంతగా విస్తరించడం సంతోషించదగిన విషయమే. అయితే విద్యార్థిని ఏ దేశంలోనైనా పనిచేయగలవానిగా తీర్చిదిద్దడమంటే ఆంగ్ల సంభాషణ, ఇంటర్వ్యూ మర్యాదలు నేర్పడమేనన్న అభిప్రాయం బాగా వ్యాపించి ఉన్నది. అవి అవసరమే గాని, చాలవు.

ఎందుకు చాలవో అంగారక గ్రహానికి పోయిన ఒక నౌక కథ తెలుపుతుంది. అమెరికా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న గ్రహానికి మరీ చేరువగా పోయి నశించింది. నౌకలోని చిన్న రాకెట్ల ప్రచోదనాన్ని, అనగా బలాన్ని కాలంతో గుణించగా వచ్చే రాశిని, నిర్మించిన సంస్థ పౌండు-సెకండ్లలో లెక్కగట్టి ఇచ్చింది. నడిపే బృందం ఆ అంకెలను న్యూటన్-సెకండ్లుగా తీసుకొన్నది. ఒక పౌండు బలం సుమారు 4.45 న్యూటన్లకు సమానం గదా! ఆ మేరకు ప్రతిసారీ లెక్క తప్పింది. ఉభయులూ ఒకే దేశస్థులు, మాట్లాడినది ఒకే భాష. సరిచూడవలసిన ప్రమాణాన్ని మాత్రం ఎవరూ సరిచూడలేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుండి అనేకమంది యువకులు వెల్డర్లుగా గల్ఫ్ దేశాలకు పోతుంటారు. గొట్టాల పనికి జరిపే పరీక్షలలో ‘6జి’ అనునది ప్రసిద్ధమైనది. గొట్టాన్ని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. వెల్డరే చుట్టూ తిరిగి అతకాలి. పిదప ఆ అతుకును వంచి గాని, ఎక్స్‌రే తీసి గాని పరీక్షిస్తారు. అచ్చట చూచేది అతుకులోని లోపాన్ని, అతికినవాని యాసను కాదు. పనిస్థలంలో హెచ్చరికలు గ్రహించడానికి అతనికీ భాష కావాలి. కాని అది పనికి తోడే గాని, పనికి బదులు కాజాలదు.

ఒక దేశపు ఇంజనీరింగు కోర్సును ఇతర సభ్యదేశాలు సమానంగా అంగీకరించడానికి 1989లో వాషింగ్టన్ ఒప్పందం ఏర్పడింది. భారతదేశం 2014 జూన్ 13న అందులో పూర్తి సభ్యత్వం పొందింది. ఆ ఒప్పందం కోరే గుణాలలో భావప్రకటన ఒకటి మాత్రమే. సమస్యా విశ్లేషణ, రూపకల్పన, వృత్తినీతి, జట్టుగా పనిచేయడం మొదలైనవి కూడ ఉన్నాయి. పైగా ఈ గుర్తింపు ప్రతి పట్టానికీ వర్తించదు. జాతీయ అక్రెడిటేషన్ బోర్డు మొదటి శ్రేణిలో ఆమోదించిన కోర్సులకే వర్తిస్తుంది. కళాశాలను ఎన్నుకొనే విద్యార్థి భవనాల కంటె ముందు ఈ సంగతి విచారించాలి.

ఈ శిక్షణకు పునాది పడవలసినది ఉన్నత పాఠశాలలోనే. లోలకపు ప్రయోగంలో గురుత్వ త్వరణం 9.8 వచ్చేటట్లు అంకెలు సర్దిన బాలునికి నిండు మార్కులు, వచ్చిన విలువను ఉన్నదున్నట్లు వ్రాసి తేడాకు కారణం వెదకిన బాలికకు తక్కువ మార్కులు వేస్తే, ఆ లోపాన్ని తరువాత ఏ సంభాషణ తరగతీ సరిదిద్దలేదు. రాజాంలో వేసిన లెక్కను వేరొక ఖండంలోని అపరిచితుడు సరిచూచి, నమ్మి, దానిపై వంతెన కట్టగలగాలి. ఇంజనీరుకు ప్రపంచభాష అదియే.