అక్కగారు వద్దన్న నవల

సముద్రపు గాలి ఒంటికి మంచిదనే నమ్మకం మన అమ్మమ్మలకే కాదు, ఇంగ్లీషు వాళ్ళకీ ఉండేది. యార్క్‌షైర్ తీరాన ఉన్న స్కార్‌బరో అనే ఊరు ఆ నమ్మకం మీదే పెరిగింది. పదిహేడో శతాబ్దంలో ఎలిజబెత్ ఫారో అనే ఆవిడ కొండ అడుగున ఊరే నీటిబుగ్గని చూసిందట. ఆ నీళ్ళు తాగితే జబ్బులు పోతాయని డబ్బున్న వాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చారు. తర్వాత సముద్రస్నానమే వైద్యమైంది. 1845లో రైలు కూడా వచ్చింది. ఇక చూస్కోండి, విక్టోరియా రాణి కాలంలో మేడల మీద మేడలు లేచాయి.

యార్క్‌లో ఉంటున్న మా ఆడపడుచు దగ్గరికి వెళ్ళినప్పుడు, ఒక వేసవి రోజున మేమిద్దరం ఆ ఊరు చూసొచ్చాం. అక్కడ ఎటు తిరిగినా గ్రాండ్ హోటలే కనిపిస్తుంది. కథ్‌బర్ట్ బ్రాడ్రిక్ అనే ఆయన దీన్ని రూపొందించాడు. 1867లో తెరిచారు. నాలుగు రుతువులకి నాలుగు బురుజులు, పన్నెండు నెలలకి పన్నెండు అంతస్తులు, వారానికొకటి చొప్పున యాభై రెండు పొగగొట్టాలు, రోజుకొకటి చొప్పున 365 గదులు. పంచాంగాన్ని ఇటుకలతో కట్టినట్టు లేదూ? స్నానాల తొట్లకి మామూలు కుళాయిలతో పాటు సముద్రపు నీటి కుళాయిలు కూడా ఉండేవట. కొండ దిగే ఓపిక లేని వాళ్ళ కోసం 1875లో పట్టాల మీద ఎక్కే దిగే పెట్టె కూడా పెట్టారు. ఆ దేశంలో అలాంటిది అదే మొదటిది. 1914 డిసెంబరులో జర్మన్ యుద్ధనౌకలు ఊరి మీద గుళ్ళు కురిపిస్తే, ఈ హోటల్‌కీ దెబ్బలు తగిలాయి. అయినా మీసం దించని జమీందారులా నిలబడే ఉంది.

మెచ్చుకోదగ్గ కట్టడమే, కాదనను. కాకపోతే ఎంతసేపు చూసినా, "నన్ను చూడు, నన్ను చూడు" అంటున్నట్టే ఉంటుంది. నేను చూడాలనుకున్నది దానికన్నా ముందు అదే చోట ఉండిన ఒక అద్దె బస. వుడ్స్ లాడ్జింగ్స్ అనే ఆ ఇంట్లో 1849 మే 28న ఆన్ బ్రాంటీ కన్నుమూసింది. ఆ సంగతి చెప్పే ఫలకం ఒకటి హోటల్ గోడకి ఉంది. ఆమె సమాధి కొండ మీద, కోట కింద, సెయింట్ మేరీ చర్చి దగ్గర ఉంది.

"సమాధి చూడ్డానికా వదినా, ఇంత ఎత్తు ఎక్కించావు?" అంది మా ఆడపడుచు ఆయాసపడుతూ. న్యాయమైన ప్రశ్నే. బ్రాంటీ అక్కచెల్లెళ్ళనగానే "జేన్ ఐర్" రాసిన షార్లెట్, "వదరింగ్ హైట్స్" రాసిన ఎమిలీ గుర్తొస్తారు. మూడో ఆమెని చాలామంది "ఇంకో చెల్లెలు కూడా ఉండేది" అని ఊరుకుంటారు. ఆ మూడో ఆమె తరఫున నాలుగు మాటలు చెప్పాలనే ఈ వ్యాసం.

ఆన్ ఒక ధనిక కుటుంబంలో పిల్లలకి చదువు చెప్పే ఉద్యోగం చేసింది. ఆ కుటుంబంతోనే వేసవుల్లో స్కార్‌బరోకి వచ్చేది. యజమానుల వెనకాల నడుస్తూ సముద్రాన్ని చూసిన మనిషన్న మాట. ఆమె మొదటి నవల "ఆగ్నెస్ గ్రే" కూడా అలాంటి ఉపాధ్యాయిని కథే. "జేన్ ఐర్" మొదలుపెట్టకముందే ఇది పూర్తయింది. కానీ అచ్చులో రెండు నెలలు వెనకబడి 1847 డిసెంబరులో వచ్చింది. దాంతో చెల్లెలు అక్కని చూసి రాసిందనుకునే వాళ్ళు బయల్దేరారు. కాలు ముందు పెట్టిన వాళ్ళకి అడుగుజాడల్లో నడిచారన్న పేరు!

అందులో ఒక ఘట్టం ఉంది. యజమాని కొడుకు పక్షిపిల్లల్ని చిత్రహింస పెట్టడానికి సిద్ధమవుతాడు. వాణ్ణి ఆపలేక ఆగ్నెస్ ఒక పెద్ద రాయి తెచ్చి ఆ పిల్లల మీద వేసేస్తుంది. ఏడుపులుండవు, ఉపన్యాసముండదు. జీతం తీసుకునే ఆడదానికి ఆ ఇంట్లో దయ చూపించడానికి కూడా ఆ ఒక్క దారే మిగిలిందని మనకి అర్థమవుతుంది. ఇంత తక్కువ మాటల్లో ఇంత చెప్పడం ఎంత కష్టమో రాసేవాళ్ళకి తెలుస్తుంది. చివర్లో తల్లీకూతుళ్ళు సముద్రపుటూళ్ళో చిన్న బడి పెట్టుకుంటారు. పొద్దున్నే తడి ఇసుక మీద ఒంటరిగా నడిచే ఆగ్నెస్‌కి ఆ రోజు తన సొంతం. ఆ ఊరు స్కార్‌బరోయేనని చదివిన వాళ్ళ నమ్మకం.

రెండో నవల "ది టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్" 1848 జూన్‌లో వచ్చింది. హెలెన్ ప్రేమించి పెళ్ళాడిన భర్త తాగుబోతు. పసికొడుక్కి కూడా వైన్ తాగడం, బూతులు మాట్లాడడం నేర్పిస్తాడు. ఆ తల్లి ఏం చేస్తుందో తెలుసా? పిల్లాడికిచ్చే వైన్‌లో కాస్త వాంతిమందు కలిపి, దాని వాసనంటేనే అసహ్యం పుట్టిస్తుంది! బొమ్మలు గీసి అమ్ముకుని బతుకుదామనుకుంటే భర్త ఆ రంగుల్నీ కుంచెల్నీ మంటల్లో వేస్తాడు. చివరికి బిడ్డని తీసుకుని, మారుపేరుతో ఒక పాడుబడ్డ ఇంట్లో చేరుతుంది. అప్పటి చట్టం ప్రకారం భార్య సంపాదనా భర్తదే, బిడ్డా భర్తదే. సొంత సంపాదన మీద ఆమెకి హక్కొచ్చింది 1870లో.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. ఉత్తరంలో డైరీ, ఆ డైరీ సగం పుస్తకం. నీతిబోధ మోతాదు మించుతుంది. హెలెన్‌ని రెండోసారి పెళ్ళాడే గిల్బర్ట్ అంత గొప్పవాడిగా నాకు కనిపించలేదు. కోపమొస్తే మనిషిని కొరడా పిడితో కొట్టే రకం. కానీ తాగుబోతు మొగుడున్న ఇల్లు ఎలా ఉంటుందో ఇంత నిబ్బరంగా ఆ కాలంలో రాసిన వాళ్ళు అరుదు.

పుస్తకం బాగానే అమ్ముడుపోయింది. విమర్శకులు మాత్రం మొరటుదన్నారు. అదే ఏడాది రెండో ముద్రణకి ముందుమాట రాస్తూ, నిజం చెప్పడమే తన ఉద్దేశమనీ, రచయిత ఆడదా మగవాడా అన్నది అనవసరమనీ ఆన్ సమాధానమిచ్చింది. ఏడాది తిరక్కుండానే పోయింది. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. 1850లో చెల్లెళ్ళ పుస్తకాలు మళ్ళీ అచ్చువేస్తూ, ఈ ఒక్క నవలని మాత్రం షార్లెట్ వద్దంది. ఎంచుకున్న వస్తువే పొరపాటని రాసింది.

ఆవిడ బాధ నాకు అర్థం కాకపోలేదు. తమ్ముడు బ్రాన్‌వెల్ తాగుడుతో చిక్కిపోయి 1848 సెప్టెంబరులో పోయాడు. డిసెంబరులో ఎమిలీ, మేలో ఆన్. ఇంటి గుట్టు బజారున పడకూడదని ఏ అక్కకి ఉండదు? చెల్లెలి మంచిపేరు కాపాడాలనే ఆవిడ తాపత్రయం. ప్రేమతోనే చేసింది. కానీ ఆ ప్రేమే పుస్తకాన్ని పాఠకులకి దూరం చేసింది. 1854లో మరో ప్రచురణకర్త కోతలు పెట్టి వేసిన ప్రతే చాలాకాలం చేతులు మారింది. శత్రువులు తిడితే రచన చావదు సుమండీ. మనవాళ్ళు, "ఇది మనకెందుకమ్మా" అన్నప్పుడే ప్రమాదం.

ఆ వస్తువు పొరపాటు కాదనడానికి మన నెల్లూరు జిల్లాయే సాక్ష్యం. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు, అక్షరదీపం తరగతుల్లో చదువుకున్న తాగుడు కథ కూడా దానికి ఊతమైంది. ఎవరో ఒకరు ఆ కథ రాయడం అవసరమన్న మాట.

సమాధి రాయి ఉప్పుగాలికి పెచ్చులూడిపోయింది. అన్నట్టు దాని మీద వయసు ఇరవై ఎనిమిదని చెక్కారు. ఆమెకి ఇరవై తొమ్మిది. 1852లో షార్లెట్ వచ్చి చూసి, తప్పులు దిద్దించింది గానీ వయసు తప్పు అలాగే ఉండిపోయింది. చివరికి 2011లో బ్రాంటీ సొసైటీ పక్కన కొత్త ఫలకం పెట్టి సరిచేసింది. ఒక ఏడాది దిద్దుకోవడానికి నూట అరవై ఏళ్ళకి పైన పట్టింది! రాయి మీద తప్పు దిద్దడం సొసైటీ పని. పుస్తకం మీద పడిన మాట దిద్దడం మాత్రం చదివేవాళ్ళ పని. మొదట "ఆగ్నెస్ గ్రే" తీసుకోండి, చిన్నదే, రెండు మధ్యాహ్నాలు చాలు. నచ్చితే రెండోదాని కోసం లైబ్రరీలో అడగండి. కోతల్లేని ప్రతి అని మాత్రం గట్టిగా చెప్పండి.