‘ఇతర స్థానికులు’ అంటే ఎవరు?

సముద్రపు కోత నుంచి తీరాన్ని కాపాడే పనుల్లో స్థానికుల భాగస్వామ్యం ఉండాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. ఇంజనీర్లు అంటున్నారు, అప్పులిచ్చే సంస్థలు అంటున్నాయి, ప్రభుత్వమూ అంటోంది. మంచిదే. అయితే ఆ స్థానికులెవరు? మేము అడిగేది అదొక్కటే.

2011, 2019 తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్లు రెండూ మత్స్యకారులకీ ‘ఇతర స్థానిక సముదాయాల’కీ జీవనోపాధి భద్రత తమ ఆశయమని మొదట్లోనే చెప్పుకున్నాయి. మత్స్యకారులకి పేరుంది. సముద్రపు ఊళ్ళలో చేపల బుట్టలు మోసి, పొలాల్లో కూలిచేసి బతికే దళితులు మాత్రం ఆ ‘ఇతర’ అనే మాటలో ఎక్కడో తమని తాము వెతుక్కోవాలి. పేరు లేనివాడికి పిలుపు రాదు.

ఇది మాటల పట్టింపు కాదు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో ఏం జరిగింది? పడవా వలా పోయినవాళ్ళు బాధితులయ్యారు. ఉప్పుమళ్ళలో, పొలాల్లో, రేవుల్లో కూలి పోగొట్టుకున్న దళితులు చాలాచోట్ల జాబితాకెక్కలేదు. సాయం చాలామటుకు మత్స్యకార కుల పంచాయతీల చేతుల మీదుగా నడిచింది. అంటే అక్కడ ‘భాగస్వామ్యం’ లేక కాదు. ఉండి కూడా దళితుల్ని బయట నిలబెట్టింది.

ఇక మన ఉప్పాడ చూద్దాం. కాకినాడ పక్కనున్న ఈ ఊరిని సముద్రం దశాబ్దాలుగా మింగుతోంది. 2010 ప్రాంతంలో జియోట్యూబు గోడ కట్టారు, కెరటాలకీ తుపాన్లకీ అది దెబ్బతింది. బీచ్ రోడ్డు కోసుకుపోయినప్పుడల్లా రాళ్ళు పోస్తున్నారు. గోదావరి ఇసుక ఆనకట్టల వెనక ఆగిపోవడం, హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ పెరగడం, కాకినాడ రేవు పనులు: పరిశోధకులు చెప్పే కారణాలివి. ఇందులో ఊరివాళ్ళు చేసిందేమీ లేదు.

మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఎక్కువగా ఉత్తరం వైపు కదులుతుంది. ఒకచోట గట్టి గోడ కడితే, అది ఆగినచోట అవతలి ఒడ్డుకి కోత పెరుగుతుంది. కాబట్టి గోడ ఎక్కడ ఆగాలన్నది ఒక్క ఇంజనీరు తేల్చే లెక్క కాదు. అది ఆగేచోట ఎవరి ఇళ్ళున్నాయి? వాటికి పట్టాలున్నాయా? ఈ మాట నక్షా గీయకముందే అడగాలి. రాళ్ళ లారీలు దిగాక పెట్టే మీటింగు సంతకాల కోసమే తప్ప సలహా కోసం కాదు.

మత్స్యకారులతో మాకు తగువు లేదు. వాళ్ళ ఇళ్ళూ కడలిపాలయ్యాయి, మన రాష్ట్రంలో వాళ్ళూ వెనకబడిన కులాలే. ఇద్దరూ కలిసి అడగాల్సిన పని ఇది. గ్రామసభ పాలెంలోనే కాదు, దళితపేటలో కూడా పెట్టాలి. గోడ అవతలి ఊరినీ పిలవాలి. నక్షా తెలుగులో అందరికీ చూపించాలి. పడవ నష్టంతో పాటు కూలి నష్టమూ, పట్టా లేని ఇల్లూ లెక్కలోకి రావాలి. ఈసారి కాగితంలో ‘ఇతర’ అని రాస్తే ఒప్పుకోవద్దు. పేరు పెట్టి రాయమనాలి.