గొట్టం మీది అక్షరం

ప్రత్యేకంగా చేయించుకున్న రైఫిల్ చూస్తే కళ్లు ముందు లతల నగిషీ మీదికి వెళ్తాయి. పనివాడి నేర్పు బయటపడేది మాత్రం గొట్టం మీది ఒక్క వరుస అక్షరాల్లో. తీగ కాస్త పక్కకి పోతే ఇంకో ఆకు కలిపి సర్దేయవచ్చు. నిలువు గీత ఒరిగితే దాచే చోటే లేదు. అందుకే అక్షరాల తీరును అచ్చు నమూనాల పుస్తకం చూసి ఎంచుకోకూడదు. దాన్ని ఉక్కు, ఉలి, గొట్టం వంపు కలిసి తేల్చాలి.

సన్నటి ఉలి ఉక్కులో కోణంగా దిగి, చీలిక లాంటి గాడి తీస్తుంది. లోతు పెరిగితే గీత లావవుతుంది, తగ్గితే సన్నబడుతుంది. గీత ముగిసేచోట ఉలి పైకి లేచి కొసను మొనదేలుస్తుంది. అక్కడ చిన్న అడ్డగీత పెడితే అంచు తీరుగా నిలుస్తుంది. రోమన్ పెద్దక్షరాలకు ఆ లావు సన్నాలూ అడ్డగీతలూ పుట్టుకతోనే ఉన్నాయి కనుకే అవి గొట్టానికి అంతగా ఒప్పుతాయి. ఇంగ్లీషు గొలుసుకట్టు రాత కూడా ఉలి పెంచినదేగా అనవచ్చు. నిజమే, 1733–41 మధ్య వెలువడిన జార్జ్ బిక్‌హామ్ చేతిరాత నమూనాల పుస్తకం ‘యూనివర్సల్ పెన్‌మన్’ రాగిరేకుల మీద చెక్కినదే. కానీ ఆ రేకు చదునుగా ఉంటుంది, రాగి మెత్తన, ముద్ర పడేది కాగితం మీద. గొట్టం మీద ఆ వెంట్రుకవాసి గీతలు నాలుగు మెరుగులకే అరిగిపోతాయి. పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ తుపాకుల మీద గోతిక్ అక్షరాలూ ఉన్నాయి. చదునైన లాకు పలక మీద పొట్టి పేరుకు అవి అందమే. కంపెనీ పేరు, వీధి, లండన్ అంటూ సాగే పొడుగు వరుసకు వాడితే నిలువు గీతలన్నీ కంచెలా కనిపిస్తాయి. గుండ్రటి గొట్టం మీద అక్షరం ఎత్తు పెరిగినా చిక్కే, పైకొసా కిందికొసా వంపులోకి జారి వెలుగు తప్పుతాయి. ఎడం కూడా కొలబద్దతో తేలదు; ‘ఎ’, ‘వి’ పక్కపక్కన పడితే దగ్గరకు జరపాలి, రెండు నిలువు గీతలు ఎదురైతే దూరం పెంచాలి.

లేజర్ ఏ తీరైనా నిమిషాల్లో చెక్కుతుంది, ఇంత ఆలోచన ఎందుకని అడగవచ్చు. అమెరికాలో 2002 నుంచి తయారీదారులు వేసే సీరియల్ నంబరు కనీసం 0.003 అంగుళాల లోతు, 1/16 అంగుళం ఎత్తు ఉండాలి. గుర్తింపు వరకే అయితే యంత్రం చాలు, దానితో తగవు లేదు. చట్టం లోతు చెప్పింది కానీ అందం చెప్పలేదు. ఉలి గాడిలోని రెండు ఏటవాలు గోడలు వెలుగును వేర్వేరుగా తిప్పికొడతాయి కాబట్టి చేతిచెక్కు అక్షరం తుపాకీ తిప్పినకొద్దీ మెరుస్తుంది. ఇక సొంతదారు అభిరుచి అంటారా, దానికి కుందా మీది వెండి బిళ్ల ఉంది. 1907లో నరభక్షక చంపావత్ పులిని చంపినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కి బహూకరించిన రిగ్బీ రైఫిల్‌పై పొడుగాటి బహూకరణ వాక్యం వెండి బిళ్ల మీదే ఉంది.

తెలుగులో పేరు కావాలంటే మరో దారి పట్టాలి. మన అక్షరాల్లో తిన్నని గీతలు తక్కువ, చుట్లు ఎక్కువ. ఉక్కులో ప్రతి చుట్టుకూ ఉలి వంపు తిరగాలి, తిరిగినచోటల్లా జారే ప్రమాదముంది. టిప్పు సుల్తాన్ తుపాకుల మీది పారశీక అక్షరాలు బంగారు పొదుగుడు పనిలో ఉన్నాయి. ఉక్కును గరుకు చేసి, బంగారు తీగను వంచి, కొట్టి అతికే ఆ పనిలో వంపు తీగకు సహజం. వట్రుసుడికీ కొమ్ముకూ తగినది అదే.