పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపిస్తే పాఠం భద్రమైనట్లేనా?

కొత్త కంప్యూటర్ లోపల ఒక పాత కంప్యూటర్ ఉన్నట్లు భ్రమింపజేసి, పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపించే ఏర్పాటును వర్చువల్ మెషీన్ అంటారు. తెలుగు పాఠాలను కాపాడడానికి ఈ పద్ధతి ఎంతవరకు పనికివస్తుందో పరిశీలిద్దాం.

పోలవరం ప్రాజెక్టు ముంపు వల్ల గోదావరి ఒడ్డున అనేక గ్రామాలు ఖాళీ అయ్యాయి. అలాంటి ఒక ఊరి చరిత్రను 2005లో విండోస్ ఎక్స్‌పీ మీద, పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కంపోజ్ చేశారనుకుందాం. అచ్చు ప్రతులు పోయాయి, ఫైలు మిగిలింది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, అచ్చు పనుల్లో ఇలాంటి ఫాంట్లే చాలాకాలం కొనసాగాయి. ఆ ఫైలులో ఉన్నవి యూనికోడ్ తెలుగు అక్షరాలు కావు. ఫాంటులోని అక్షర భాగాలకు, గుణింతపు గుర్తులకు, ఒత్తులకు ఇచ్చిన సంకేతాలు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి అర్థంలేని రోమన్ గుర్తులుగా కనబడతాయి.

వర్చువల్ మెషీన్ గొప్పతనం ఇక్కడే ఉంది. పాత సిస్టమ్, పాత సాఫ్ట్‌వేర్, పాత ఫాంటు కలిసి ఉంటాయి కనుక పుట తొలి రూపంలోనే తెరుచుకుంటుంది. అయితే దీనికి పరిమితులున్నాయి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. దానిని ఇంటర్నెట్‌కు కలపడం ప్రమాదం. ఇన్‌స్టాల్ చేసే సీడీలు, లైసెన్సులు దొరకాలి. అన్నీ దొరికినా ఆ పాఠం బయట వెతికితే దొరకదు. తెరవడం తెలిసినవారు లేకపోతే అది తాళం వేసిన పెట్టెతో సమానం.

యూనికోడ్‌లోకి మార్చితే చాలదా? మార్పిడి ప్రోగ్రాములు ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర పొరబడుతుంటాయి. సాధారణ పదంలో తప్పును పాఠకుడు ఊహతో దిద్దుకోగలడు. ఊరి పేరులో, ఇంటిపేరులో ఒక ఒత్తు జారితే ఊహ పనికిరాదు. ఊరి బోర్డు చూసి దిద్దుకుందామంటే ఊరే లేదు.

కాబట్టి ఈ రెండు పద్ధతులూ పరస్పరం పోటీ కావు. యూనికోడ్ ప్రతి చదవడానికి, వెతకడానికి. వర్చువల్ మెషీన్‌లో కనబడే పుట ఆ ప్రతిని సరిచూసే మూలానికి. సరిచూసిన తరువాత ఆ పుటను పీడీఎఫ్‌గా కూడా దాచాలి. పాత సిస్టమ్‌ను నడపడం భద్రపరచడంలో తొలిమెట్టు మాత్రమే. పునరావాస కాలనీల్లో ఆ పేర్లను సరిగ్గా పలకగల పెద్దలు ఉండగానే మిగిలిన మెట్లు ఎక్కాలి.