మీనాకారీ: లోహంలో కరిగిన రంగు

జైపూర్ కుందన్ హారానికి ముందువైపు రాళ్ళు మెరుస్తుంటే, మెడకు ఆనుకొని ఎవరి కంటా పడని వెనుకవైపు ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో పూలతీగలు అల్లుకొని ఉంటాయి. మెత్తని మేలిమి బంగారం ఒంటికి రాసుకొని అరిగిపోకుండా ఆ రంగుల పొర కాపాడుతుంది కాబట్టి దానిని అలంకారంగా మాత్రమే చూడటం సరికాదు. 1995లో భారత ప్రభుత్వం కొన్న హైదరాబాద్ నిజాం నగల్లోనూ ఇలా వెనుకవైపు మీనాపని చేసినవి ఉన్నాయి.

మీనా అంటే పైన పూసే రంగు కాదు, లోహం మీద కరిగించి అతికించిన గాజు. సిలికాను సోడా లేదా పొటాష్‌తోనూ, వెలిగారంతోనూ, పాత పద్ధతిలోనైతే సీసంతోనూ కలిపి కరిగించి, చల్లారిన గాజును పొడిగా నూరుతారు. ఆ గాజుకు రంగునిచ్చేవి లోహాలే: కోబాల్టు ముదురు నీలాన్ని, రాగి ఆకుపచ్చను, తగరం తెలుపును ఇస్తాయి, అందరూ మెచ్చే కెంపు ఎరుపు బంగారం నుంచి వస్తుంది. ఈ పొడిని లోహం మీద పరిచి సుమారు 750 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొద్ది నిమిషాలు ఉంచితే అది కరిగి లోహంతో ఏకమవుతుంది. అందువల్లనే ఎండకు వెలవని ఆ రంగు, నగ చేజారి కిందపడితే మాత్రం గాజులాగే పెచ్చులూడుతుంది.

అంబర్ రాజు మాన్ సింగ్ (పాలన 1589–1614) లాహోర్ నుంచి పనివారిని రప్పించి ఈ విద్యను తన రాజ్యంలో నెలకొల్పాడని సంప్రదాయం చెబుతుంది. 1886లో జైపూర్ మీనాపని మీద స్వింటన్ జేకబ్, హెండ్లీ అనే ఇద్దరు ఒక సచిత్ర గ్రంథాన్ని వెలువరించే నాటికి జైపూర్ ఈ కళకు పేరుమోసిన కేంద్రం.

జైపూర్ పద్ధతిలో ఒక నగ పలువురి చేతులు మారుతుంది. కంసాలి రూపం తీర్చిన తరువాత చితేరా అనే చిత్రకారుడు దాని మీద నమూనా గీస్తాడు. చెక్కుడు పనివాడు ఆ గీతల మధ్య లోహాన్ని ఉలితో తొలిచి, సన్నని గట్లను మాత్రం మిగిల్చి, రంగు నిలిచే గుంటలను తయారుచేస్తాడు. అంతటితో ఆగక ఆ గుంటల అడుగున దగ్గర దగ్గరగా సన్నని గాట్లు కూడా పెడతాడు, ఎందుకంటే గాజుకు అవి పట్టునిస్తాయి, పారదర్శకమైన రంగు గుండా లోపలికి దిగిన వెలుగును రకరకాల కోణాల్లో తిప్పి పంపుతాయి. మంచి మీనాలో రంగు లోపలి నుంచి వెలుగుతున్నట్టు కనిపించడానికి కారణం ఈ గాట్లే. పేరు మీనాకారుకు దక్కినా, పనిలో సగం ఉలిదే.

మీనాకారు నీటితో తడిపిన గాజుపొడిని సన్నని కొనతో గుంటల్లో నింపి, తడి పూర్తిగా ఆరాక కొలిమిలో పెడతాడు. అన్ని రంగులూ ఒకే వేడికి కరగవు కాబట్టి ఎక్కువ వేడిని తట్టుకొనే తెలుపు వంటివి ముందు, సున్నితమైన ఎరుపు చివర పుటానికి వెళతాయి. ఈ వరుస తప్పితే ముందు వేసిన రంగు మాడిపోతుంది. చివరకు గట్లకు సమంగా వచ్చేదాకా రాతితో అరగదీసి, మెరుగుపెట్టి, చింతపండు వంటి పులుపుతో కడుగుతారు. బంగారం మీద అన్ని రంగులూ పలుకుతాయి, వెండి మీద కెంపు ఎరుపు కష్టం. బనారస్ గులాబీ మీనాది వేరే దారి: అక్కడ తెల్లని మీనా మీద గులాబీ రంగుతో కుంచెపని చేస్తారు. ఇంకొక పద్ధతిలో చెక్కడానికి బదులు సన్నని తీగలను వంచి, అతికించి గదులు కట్టి, వాటిని నింపుతారు.

ఇంట్లో సరదాగా నేర్చుకోదలచినవారు బంగారం జోలికి పోనవసరం లేదు. ఒక మిల్లీమీటరు మందపు రాగి బిళ్ళ చాలు, ఇత్తడిలోని యశదం గాజును నిలవనివ్వదు కాబట్టి అది పనికిరాదు. మొదటి పని శుభ్రత. రాగిని కాల్చి మెత్తబరచి, చింతపండు లేదా నిమ్మరసం, ఉప్పుతో తోమి, నీళ్ళు పోసి చూడాలి: నీరు బొట్లుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టు, పలుచని పొరగా పరుచుకుంటే లోహం సిద్ధమైనట్టు. ఆ పైన సన్నని జల్లెడతో పొడిని సమంగా జల్లి, చిన్న విద్యుత్ కొలిమిలో పెట్టినా, బిళ్ళను జాలీ మీద ఉంచి కింది నుంచి గ్యాసుమంట తగిలించినా సరిపోతుంది. గాజు మొదట పంచదారలా గరుకుగా, తరువాత నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా, చివరకు అద్దంలా నున్నగా మారుతుంది. ఆ చివరి దశలో వెంటనే తీయాలి.

కొత్తవారు తరచుగా నిర్లక్ష్యం చేసేది బిళ్ళ వెనుకవైపు. చల్లారేటప్పుడు రాగి గాజు కంటే ఎక్కువగా ముడుచుకుంటుంది కాబట్టి ఒకవైపే పూత ఉంటే బిళ్ళ వంగుతుంది, గాజు బీటలిస్తుంది. వెనుక కూడా ఒక పూత వేస్తే రెండువైపులా లాగుడు సరిసమానమవుతుంది.

గాజుపొడి ఊపిరితిత్తులకు హానికరం, కొన్ని పొడుల్లో సీసం కూడా ఉంటుంది. అందుచేత ముఖానికి దుమ్మును ఆపే మాస్కు తప్పనిసరి, వంటగదిలో ఈ పని చేయకూడదు. కొలిమి లేకుండా అంటుకొనే రెసిన్ రంగులను కూడా బజారులో ఎనామెల్ అంటూ అమ్ముతున్నారు గాని అవి ప్లాస్టిక్ పూతలు, వాటితో నేర్చుకున్నది నిప్పు దగ్గర అక్కరకు రాదు. వాటికి పెట్టే డబ్బుతో నాలుగైదు రంగుల పొడులు కొని, ఒక్కొక్క దానిని ఒట్టి రాగి మీద, తెల్లని పూత మీద, వెండి రేకు మీద కాల్చి, కాల్చిన వేడినీ పట్టిన సమయాన్నీ ఆ ముక్క వెనుకే రాసి దాచుకోవడం మేలు. అసలు నగకు ఏ రంగు ఎక్కడ వేయాలో ఆ ముక్కలను చూసి నిర్ణయించుకోవచ్చు.