ఎవరినీ అడగక్కర్లేని పేరు

ఆండ్రాయిడ్ స్టూడియోలో తయారయ్యే యాప్ ఏదైనా సరే, దాని బిల్డ్ ఫైళ్లలో ఎక్కడో ఒకచోట ‘కామ్.ఆండ్రాయిడ్.అప్లికేషన్’ అనే మాట ఉంటుంది. రోజూ దాన్ని చూసేవాళ్లు కూడా ఆగి చదవరు. ఆగి చదవాల్సిన మాట అది. మూడు ముక్కలు, రెండు చుక్కలు ఉన్న ఆ చిన్న పేరులో ఎంతో ఆలోచన దాగి ఉంది.

కోడ్‌ను కంపైల్ చేసి, సరంజామా అంతా ఒకచోట చేర్చి, ఫోన్‌లో పెట్టుకోగల యాప్‌గా కట్టే పనిముట్టు గ్రేడిల్. ఆండ్రాయిడ్ యాప్ ఎలా కట్టాలో దానికి స్వతహాగా తెలియదు. ఆ విద్య నేర్పేది ప్లగిన్. ఏ ప్లగిన్ కావాలో చెప్పడానికి వాడే పేరే ప్లగిన్ ఐడీ.

ఐడీలో చివరి చుక్క దగ్గర గీత గీస్తే రెండు భాగాలు తేలతాయి. చుక్కకు ముందున్న ‘కామ్.ఆండ్రాయిడ్’ ప్లగిన్ ఎవరిదో చెబుతుంది. తర్వాతి ‘అప్లికేషన్’ అది ఏం చేస్తుందో చెబుతుంది. మన దగ్గర ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత వచ్చినట్టే ఇదీ. మొదటి భాగం ‘ఆండ్రాయిడ్.కామ్’ అనే ఇంటర్నెట్ డొమైన్‌ను తిరగేసి రాసినది. ఒక డొమైన్ ఒకే సమయంలో ఇద్దరి పేర రిజిస్టర్ కాదు. కాబట్టి ఎవరి డొమైన్‌తో వాళ్లు పేరు మొదలుపెడితే ఇద్దరి పేర్లు ఢీకొనే అవకాశమే ఉండదు. పేర్లు పంచిపెట్టడానికి కొత్తగా ఆఫీసు తెరవాల్సిన పని తప్పింది. సొంత డొమైన్ లేనివాళ్లు తమ గిట్‌హబ్ ఖాతా పేరును ‘ఐఓ.గిట్‌హబ్’ తర్వాత చేర్చుకుంటారు. అక్కడా ఒక ఖాతా పేరు ఒక్కరికే. తిరగేయడంలో ఇంకో సౌలభ్యం ఉంది. అక్షరక్రమంలో పేర్చినప్పుడు ‘కామ్.ఆండ్రాయిడ్.అప్లికేషన్’, ‘కామ్.ఆండ్రాయిడ్.లైబ్రరీ’ వంటి ఒకే ఇంటి ప్లగిన్లు ఒకేచోట చేరతాయి.

ఐడీ రాయడానికి నియమాలు కొన్నే. అక్షరాలు, అంకెలు, చుక్క, హైఫన్, అండర్‌స్కోర్ మాత్రమే వాడాలి. యజమానినీ పేరునూ విడదీసే చుక్క కనీసం ఒకటి ఉండాలి. చుక్కతో మొదలు కాకూడదు, చుక్కతో ముగియకూడదు, రెండు చుక్కలు పక్కపక్కన రాకూడదు. ఈ ఐడీ ఎక్కడెక్కడ తిరుగుతుందో చూస్తే ఇంత పట్టింపు ఎందుకో అర్థమవుతుంది.

మొదటి మజిలీ ప్లగిన్ కోడ్‌ను మూటగట్టిన జార్ ఫైల్ లోపల. అక్కడ ‘మెటా-ఇన్ఫ్’ ఫోల్డర్‌లో ‘గ్రేడిల్-ప్లగిన్స్’ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ఐడీ పేరుతోనే, చివర ‘.ప్రాపర్టీస్’ తగిలించుకున్న చిన్న ఫైల్ ఉంటుంది. అందులో ఉండాల్సిన ముఖ్యమైన లైను ఒక్కటే. ఈ ప్లగిన్‌ను నడిపే జావా క్లాస్ ఏదో అది చెబుతుంది. గ్రేడిల్ జార్ అంతా గాలించదు. ఐడీని బట్టి ఫైల్ పేరు కట్టుకుని నేరుగా తెరుస్తుంది. రేపు ఆ క్లాస్ పేరు మార్చినా, వేరే ప్యాకేజీలోకి తరలించినా, ఈ ఒక్క లైను సరిదిద్దితే చాలు. ఐడీని నమ్ముకున్న వేల ప్రాజెక్టుల్లో ఒక్క అక్షరం మారక్కర్లేదు.

అసలు ఆ జార్, ఇలాంటి ఫైళ్లను నిల్వచేసే ఏ రిపాజిటరీలో ఏ మూల ఉందో ఎలా తెలుస్తుంది? మావెన్ తరహా రిపాజిటరీలో దేన్ని వెతకాలన్నా గ్రూపు, పేరు, వెర్షన్ మూడూ కావాలి. వాడుకరి ఇచ్చేది ఐడీ, వెర్షన్ మాత్రమే. ఇక్కడే అసలు నేర్పు కనిపిస్తుంది. ఐడీ మొత్తాన్నీ గ్రూపుగా తీసుకుంటారు. అదే ఐడీ చివర ‘.గ్రేడిల్.ప్లగిన్’ చేర్చి పేరు తయారుచేస్తారు. ఆ చిరునామాలో ప్లగిన్ కోడ్ ఉండదు, వివరాలు మాత్రమే రాసి ఉన్న ఒక చిన్న పామ్ ఫైల్ ఉంటుంది. అసలు లైబ్రరీ ఫలానా చోట ఉందని అది దారి చూపిస్తుంది. అప్లికేషన్, లైబ్రరీ ప్లగిన్లు రెండింటికీ విడివిడి దారిగుర్తులున్నా, రెండూ చేర్చేది ‘కామ్.ఆండ్రాయిడ్.టూల్స్.బిల్డ్’ గ్రూపులోని ఒకే లైబ్రరీకి.

చుక్కల నియమాల అవసరం ఇక్కడే తెలిసొస్తుంది. రిపాజిటరీలో గ్రూపులోని ప్రతి చుక్కా ఒక ఫోల్డర్ మెట్టుగా మారుతుంది: కామ్, దాని లోపల ఆండ్రాయిడ్, దాని లోపల అప్లికేషన్. రెండు చుక్కలు పక్కపక్కన పడితే మధ్యలో పేరులేని ఫోల్డర్ రావాల్సి ఉంటుంది. అలాంటి దారి ఎక్కడికీ చేరదు.

గ్రేడిల్‌తో పాటే వచ్చే ప్లగిన్లకు మాత్రం చిన్న మినహాయింపు ఉంది. ‘ఆర్గ్.గ్రేడిల్.జావా’ అనే నిండు పేరు బదులు ‘జావా’ అంటే చాలు. ఆ పొట్టి పేర్లు ఇంటివాళ్లకే. ‘ఆర్గ్.గ్రేడిల్’ తో మొదలయ్యే పేరు బయటివాళ్లెవరూ పెట్టుకోకూడదు. ఆండ్రాయిడ్ ప్లగిన్ కూడా తొలినాళ్లలో ‘ఆండ్రాయిడ్’ అనే ఒంటి పేరుతోనే నడిచింది, తర్వాత నిండు పేరుకు మారింది. 2014లో వచ్చిన గ్రేడిల్ 2.1తో ప్లగిన్లను ఐడీ, వెర్షన్ చెప్పి పిలిచే కొత్త పద్ధతి మొదలయ్యాక నిండు పేరు విలువ ఇంకా పెరిగింది.

యజమాని ఎవరో చెప్పడం, జార్ లోపలి ఫైల్‌ను చూపడం, రిపాజిటరీలో దారి కట్టడం, లోపల ఎన్ని మార్పులు జరిగినా తాను మారకుండా నిలవడం. ఇన్ని పనులు ఒక్క పేరు చేస్తోంది. మీరూ ప్లగిన్ రాస్తుంటే, నిజంగా మీ చేతిలో ఉన్న డొమైన్‌తోనో ఖాతాతోనో పేరు మొదలుపెట్టండి. అన్నీ చిన్నబడి అక్షరాల్లో రాయండి. ఒకసారి విడుదల చేశాక ఆ పేరు మార్చకండి.