ఉండ్రాజవరపావిడ

కిందటేడు మహాలయ పక్షంలో తర్పణాలు వదులుతూ ఒకచోట ఆగిపోయాను. నాన్న, తాత, ముత్తాత పేర్లు గోత్రంతో సహా చెప్పాను. అమ్మ పేరూ నాయనమ్మ పేరూ చెప్పాను. "మీ నాయనమ్మగారి అత్తగారి పేరేమిటండీ?" అన్నారు బ్రహ్మగారు. నువ్వుల నీళ్లు బొటనవేలి పక్కనుంచి కారిపోతున్నాయి గానీ పేరు మాత్రం నోటికి రాలేదు. తణుకులో మా ఇంటికి నూరేళ్లు దాటాయి. ఆ ఇంట్లో కాపురం చేసి, పిల్లల్ని కని, ఆ ఇంట్లోనే పోయిన మనిషి పేరు ఇప్పుడా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మన కర్మకాండ అడిగేది మూడు తరాలే. తండ్రి వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడూ అంతే, వధూవరుల ముత్తాత, తాత, తండ్రి పేర్లు పందిరంతా వినేలా చదువుతారు. మనం తంతు అనుకుంటాం గానీ నాకు మాత్రం అది కాగితం అక్కర్లేని రికార్డు గదిలా కనిపిస్తుంది. తరం మారినప్పుడల్లా కింద ఒక పేరు చేరుతుంది, పైన ఒకటి రాలిపోతుంది. రాలేలోపు ఇంట్లో ఎవరైనా నోటుపుస్తకంలో ఎక్కించుకుంటే మూడు తరాలు ఆరవుతాయి. మా ఇంట్లో ఎవరూ ఎక్కించలేదు.

పోనీ ఆఫీసుల్లో దొరుకుతుందా అంటే, పల్లెల్లో పుట్టుకలూ చావులూ శిస్తులూ అన్నీ మునసబు, కరణాల చేతి రాతలోనే ఉండేవి. 1984 జనవరిలో ఆ పదవులు రద్దయ్యాయి. దస్త్రాలు అన్నీ ఒక్కచోటికి చేరలేదు. చేరినవాటికి చెద, చేరనివాటికి వరద. 1881 నుంచి 2011 దాకా పదేళ్లకోసారి జనాభా లెక్కలు తీసినా, ఇంటింటా రాసుకున్న కాగితాలు అంకెలు తేలాక ఉంచలేదు. ఊళ్లో ఎంతమంది ఉన్నారో చెబుతారు, ఎవరున్నారో చెప్పరు.

ఈ కష్టంలో మనకు తోడు ఐర్లండు వాళ్లు. 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ఉన్న ప్రభుత్వ రికార్డు కార్యాలయం తగలబడిపోయింది. 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కల్లో చాలా భాగం అందులో బూడిదైంది. ఆ తర్వాతి 4 లెక్కల కాగితాలను అంతకుముందే సర్కారే నాశనం చేసింది, కొన్నింటినైతే మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గుజ్జు చేయించింది. 1922కు ముందు తీసినవాటిలో పూర్తిగా మిగిలినవి 1901, 1911 లెక్కలు మాత్రమే. మరి తాతముత్తాతల్ని వెతుక్కునే ఐరిష్ వాళ్లు ఏం చేస్తారు? శిస్తు పుస్తకం తిరగేస్తారు. 1847-64 మధ్య తయారైన గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో ఏ చెక్క ఎవరి సాగులో ఉందో, దాని విలువెంతో ఊరూరా రాసి ఉంది. మనిషిని మర్చిపోయిన సర్కారు కూడా శిస్తు కట్టేవాణ్ణి మర్చిపోదు.

మన డెల్టాలోనూ దారి అదే. రైత్వారీ ఊళ్లయితే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే అందరూ ఆర్.ఎస్.ఆర్. అనేది. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు అందులో ఉంటాయి. జమీందారీ కింద ఉన్న ఊళ్లకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత కొలతలు వేసి రాసిన ఫెయిర్ అడంగలే ఆధారం. అన్నిటికన్నా రుచికరమైనది ఇనాం ఫెయిర్ రిజిస్టరు. 1858లో మొదలైన ఇనాం కమిషన్ వాళ్లు ఊరూరా తిరిగి, ఈ మాన్యం మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, ఆయన వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు అని అడిగి గళ్లలో నింపారు. ఆ గళ్లు వరసగా చదివితే వంశవృక్షం దానంతటదే నిలబడుతుంది. ఏళ్లు మాత్రం ఫసలీలో ఉంటాయి. 590 కలుపుకోవాలి, ఫసలీ 1270 అంటే 1860-61. అయితే భూమి ఉన్నవాడికే ఈ భాగ్యం. పాలేరుకీ చాకలికీ మగ్గం నేసేవాడికీ ఈ గళ్లలో చోటు దొరకడం అరుదు. ఆడవాళ్లకు మరీ అరుదు.

కాగితం ఆగిపోయిన చోట భాష అందుకుంటుంది. వేల్పూరు వాళ్లు వేల్పూరి, పెంటపాడు వాళ్లు పెంటపాటి, కాకరపర్రు వాళ్లు కాకరపర్తి, ఇరగవరం వాళ్లు ఇరగవరపు. మొదటి మూడింటి చివర వచ్చిన ఇ, టి, తి అనేవి చిన్నయసూరి బాలవ్యాకరణంలోని ఔపవిభక్తికాలు. (నన్నయ యజ్ఞం చేశాడని చెప్పుకునే ఊరివాణ్ణి, ఒక్క వ్యాకరణం ముక్కయినా వాడకపోతే బాగుండదు.) ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. వేల్పూరులో ఉన్నన్నాళ్లూ ఎవరూ వేల్పూరివారు కారు. ఊరంతా వేల్పూరే అయినప్పుడు ఆ మాటతో మనిషిని ఎలా గుర్తుపడతారు? ఆ ఊరు వదిలి ఇంకో ఊరు చేరాకే అక్కడివాళ్లు "వేల్పూరివారు" అంటారు. కాబట్టి ఊరిపేరు మీద వచ్చిన ఇంటిపేరు మనవాళ్లు ఎక్కడ ఉన్నారో చెప్పదు, ఎక్కణ్ణుంచి కదిలారో చెబుతుంది. ఒకే పేరుతో ఊళ్లు చాలా ఉంటాయి, ఒక్క వేల్పూరే గుంటూరు వైపూ ఉంది. అందుకని గోత్రంతోనూ ఇలవేల్పుతోనూ సరిచూసుకోవాలి. పుట్టువెంట్రుకలు ఏ గుళ్లో తీయిస్తారో అడగండి. ఊరు మారినా మొక్కు మారదు.

సముద్రం దాటినా ఇదే వరస. మారిషస్ చేరిన తెలుగు కూలీలను అక్కడ కొరింగీలన్నారు. వాళ్లంతా కోరంగి వాళ్లని కాదు, కోరంగి రేవు మీదుగా పోయారని. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1860-1911 మధ్య ఓడలెక్కిన వాళ్ల జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు రాసి ఉంటాయి. ఆ కాగితం పట్టుకుని నాలుగో తరం మనవలు వస్తే, వాళ్లకు ముందు చెప్పాల్సింది జిల్లాల సంగతి. తణుకు తాలూకా 1904 దాకా గోదావరి జిల్లా. 1904లో కృష్ణాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి అయింది. ఊరు కదల్లేదు, జిల్లాయే కదిలింది. ఇది తెలియక తప్పు జిల్లా దస్త్రాలు తిరగేస్తే జీవితం సరిపోదు.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు. పెద్ద మనవడికి తాత పేరు, మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టడం మన రివాజు. అందుకే తరం విడిచి తరం అవే పేర్లు తిరిగి వస్తాయి. మధ్యలో ఒక పేరు తెలియకపోతే దాటి తర్వాతి తరంలో వెతకొచ్చు. కానీ కోడలు మామగారి పేరూ అత్తగారి పేరూ నోటితో అనకూడదు. మరి కన్నబిడ్డనెలా పిలుస్తుంది? అందుకే మా గోదావరి జిల్లాల్లో ఇంటికో అబ్బులు, తాతబ్బాయి, బుల్లెబ్బాయి. కాగితంలో ఒక పేరు, గుమ్మంలో ఒక పేరు. పెంటయ్య, పుల్లయ్య అన్న పేర్లు కనబడితే మాత్రం ఒక్క క్షణం ఆగాలి. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే, ఈ బిడ్డనైనా మృత్యువు చూడకుండా ఉండాలని పెంటకుప్ప మీదా ఎంగిలి విస్తళ్ల మీదా పొర్లించి పెట్టిన పేర్లవి. ఏ రిజిస్టరులోనూ లేని పసిబిడ్డల మరణాలు ఆ ఒక్క పేరులో ఉన్నాయి.

వంశాలు నోటికి పాడి చెప్పేవాళ్లు ఉండేవారు, వ్యవసాయ కులాల ఇళ్లకు వచ్చి గోత్రాలూ ఇంటిపేర్లూ ఏకరువు పెట్టేవారు. పాతరోజుల్లో వాళ్లను పిచ్చిగుంట్లవాళ్లు అనేవారు, ఇప్పుడు వంశరాజులంటారు, ఆ పేరే న్యాయం. ధాన్యం కళ్లంలోనుంచి నేరుగా మిల్లుకు పోవడం మొదలయ్యాక వాళ్లు గుమ్మంలోకి రావడం తగ్గిపోయింది.

ఇన్ని తెలిసీ నేను చేయాల్సిన పని చివర చేశాను. వేల్పూరులో ఉన్న మేనత్త దగ్గరకు వెళ్లాను. ఆవిడకు ఎనభై ఆరు.

"మా నాయనమ్మా? నేను పుట్టకముందే పోయిందిరా. పేరెవరు చెప్పారు? అందరూ ఉండ్రాజవరపావిడ అనేవారు."

ఆవిణ్ణీ వదిలి వచ్చిన ఊరితోనే పిలిచారన్నమాట. ఉండ్రాజవరం వెళ్లి ఏ ఇంటి తలుపు తట్టాలో ఆలోచిస్తుంటే అత్తే అంది, "ఆవిడ సారె గంగాళం నా పెళ్లికి నాకిచ్చారు. అటక మీదుంది చూడు."

దింపేసరికి నడుం పట్టేసింది. ఇత్తడి నల్లబడిపోయి ఉంది. అత్త నానబెట్టిన చింతపండు, చిటికెడు ఉప్పు తెచ్చి అంచు మీద వేసింది. చింతపండు పిప్పితో రుద్దుతుంటే నలుపు కింద చుక్కలు లేచాయి. ఉలిమొనతో చుక్కచుక్కగా కొట్టిన అక్షరాలు. ముందు "హేవిళంబి" అన్న మాట తేలింది. అరవయ్యేళ్లకోసారి వచ్చే ఏడాది పేరు, 1897 కావాలి, లేదా 1957. అత్త పుట్టకముందే పోయిన మనిషి కాబట్టి 1897. తర్వాత ఉండ్రాజవరంలో ఆవిడ పుట్టింటివారి ఇంటిపేరు. తర్వాత ఆవిడ పేరు.

నేను కూడబలుక్కుని బయటికి చదివాను. అత్త రుద్దడం ఆపేసింది. ఇంట్లోవాళ్లకూ ఊరివాళ్లకూ అత్త ఎప్పుడూ బుల్లెమ్మే. అసలు పేరు ఆధార్ కార్డు మీదా రేషన్ కార్డు మీదా తప్ప ఎక్కడా ఉండదు. తడిచేత్తోనే కళ్లజోడు సర్దుకుని, అక్షరం మీద అక్షరంగా వేలు జరుపుతూ ఇంకోసారి చదువుకుంది.

"ఇది నా పేరేరా," అంది.